వర్తమానక్రియ: స్పానిషు రూపములును, ఒంగోలు రైతు మాటయును

ఒంగోలు సీమరైతు మిరపకల్లములో నిలిచి "మేము కాయలు గుంటూరులో అమ్ముతాము" అనును. ఇందలి "అమ్ముతాము" అను క్రియ యే కాలమును దెలుపుచున్నది? ఏఁటేఁట గుంటూరున నమ్ముట యతనికి వాడుక యని తెలుపుచున్నదా? రేపో మాపో బండి కట్టించి యమ్మఁబోవుచున్నాఁడని తెలుపుచున్నదా? రెండును దెలుపును. చెప్పువానికిఁ గాని వినువానికిఁ గాని యిందు సందేహము లేదు. సందేహమెల్ల బడిలో వ్యాకరణము చెప్పు పండితునిదే. కాలములు మూఁడని చెప్పి, వర్తమానమునకు "అమ్ముచున్నాము" అనియు, భవిష్యత్తునకు "అమ్మఁగలము" అనియుఁ బలకమీఁద వ్రాయించిన పిమ్మట, బాలుఁ డింటికడ దినమునకు నూఱుమాఱులు వినెడి "అమ్ముతాము" ఏ గడిలోను ఇముడక మిగిలిపోవును. కొందఱు దానిని భవిష్యత్తని త్రోసివేయుదురు. కొందఱు గ్రామ్యమని తలపెట్టనే తలపెట్టరు.

వర్తమాన మను పేరు క్రింద నెన్ని యర్థము లిమిడియున్నవో, అందు వేనికి భాష వేఱు రూపముల నిచ్చునో, వేనిని ఒకే రూపమునఁ గలిపివేయునో తెలియవలెనన్న మఱియొక భాషతోఁ బోల్చి చూచుట మేలు. సంస్కృతము మనకుఁ జిరపరిచితము. దానికి దూరపు జ్ఞాతియు, రూపములు మిక్కిలి పొందికగా నమరినదియు నగు స్పానిషు భాష యీ పనికిఁ జక్కగా నక్కఱకు వచ్చును. ఆ భాష తెలుఁగువారి యిండ్లకు నేఁ డంత దూరమైనదియుఁ గాదు. ఒంగోలు, గుంటూరు ప్రాంతములనుండి అమెరికాకు వెడలిన కుటుంబముల పిల్లలు అక్కడి పాఠశాలలలో రెండవభాషగా స్పానిషునుఁ దీసికొనుట తఱచు. సెలవులకు వచ్చిన మనుమఁడు క్రియారూపముల పట్టిక చేతఁబట్టుకొని కంఠపాఠము చేయుచుండఁగా వ్యాకరణమునఁ దల నెరసిన తాతగారు చూచుచు నూరకుండ నక్కఱలేదు. ఆ పట్టిక ఆయనకుఁ దెలిసినదే. వేషము మాత్రము క్రొత్తది. మిరపయుఁ బొగాకును ఆ ఖండమునుండియే సముద్రము దాఁటివచ్చి యీ రేగళ్ళలో వేరూనినవి. భాషను మాత్రము వెంటఁ దెచ్చుకొనలేదు.

స్పానిషు లాటినునుండి పుట్టిన భాష. రోమకసైనికులును వర్తకులును జనసామాన్యమును నోట నాడిన లాటిను క్రమముగా మాఱి యాయా దేశములలో నాయా భాషలుగాఁ బరిణమించినది. 1492వ సంవత్సరమున ఆంటోనియో దె నెబ్రిహా యను విద్వాంసుఁడు కాస్తిల్య మనఁబడు ఈ భాషకు వ్యాకరణము రచించి సాలమంకా నగరమున నచ్చొత్తించెను. ఆ భాషకు ముద్రితవ్యాకరణములలో నదియే మొదటిది. నెబ్రిహా స్వయముగా లాటిను పండితుఁడు, లాటినునకు వ్యాకరణము వ్రాసినవాఁడు. అట్టివాఁడు బజారుభాషలోని క్రియలను జేరఁదీసి, వీనికిని గణములు కలవు, ప్రత్యయములు కలవు, నియమము కలదు అని చూపుట గమనింపఁదగినది. లాటిను క్రియలకు గణములు నాలుగు. కాస్తిల్యమున మూఁడే నిలిచినవి. ఈ మూఁటినిఁ దెలిసికొన్నఁ జాలును.

తుమర్థకరూపమునుబట్టి గణము నేర్పఱతురు. కొనుట యను నర్థమున "కొంప్రార్", అమ్ముట యను నర్థమున "వెందేర్", జీవించుట యను నర్థమున "వివీర్". తుది రేఫము తుమర్థకప్రత్యయము. దాని ముందరి యచ్చు గణచిహ్నము. పాణినీయమున జీవధాతువునకును తిప్రత్యయమునకును నడుమ శప్పు వచ్చి జీవతి యగునట్లే, ఇచ్చట ధాతువునకును పురుషప్రత్యయమునకును నడుమ అ, ఎ, ఇ యను మూఁడు వికరణములు వచ్చును. కావున మొదటిది అకారగణము, రెండవది ఎకారగణము, మూఁడవది ఇకారగణము. మన ధాతుపాఠములోని పది గణములను మోసినవారి కీ మూఁడు బరువు కావు. వర్తమానరూపము లిట్లుండును. ఐరోపావారు ఉత్తమపురుషను మొదట నుంతురు. ఇచ్చట మన సంప్రదాయానుసారముగాఁ బ్రథమపురుషయే మొదట నుంపఁబడినది.

కొనుట: కొంప్ర, కొంప్రన్, కొంప్రస్, కొంప్రాయిస్, కొంప్రొ, కొంప్రామొస్.
అమ్ముట: వెందె, వెందెన్, వెందెస్, వెందేయిస్, వెందొ, వెందేమొస్.
జీవించుట: వివె, వివెన్; వివెస్, వివీస్; వివొ, వివీమొస్.

ప్రతిజంటయందును మొదటిది యేకవచనము, రెండవది బహువచనము. ద్విత్వమునకు వేఱు రూపము లేదు; తెలుఁగునందును లేదు. వకారమును స్పెయినువారు బకారప్రాయముగాఁ బలుకుదురు. వబల కభేదము చెప్పి యలవాటుపడిన పండితులకు దీనివలన బాధ లేదు.

ఈ పదునెనిమిది రూపములను వేఱువేఱుగా వల్లించుట వృథాశ్రమము. ప్రథమైకవచనమునఁ బ్రత్యయము శూన్యము, బహువచనమున నకారము. మధ్యమైకవచనమున సకారము, బహువచనమున "యిస్". ఉత్తమైకవచనమున ఒకారము, బహువచనమున "మొస్". ఒకారము పరమగునపుడు వికరణము లోపించును. అందుచేతనే మూఁడుగణములయందును ఉత్తమైకవచన మొక్కతీరున నుండును. ఇంతవఱకు సుగమము. చిక్కెల్ల ఇకారగణమున నున్నది. "వివీమొస్" అనుచోట ఇకారము కనఁబడును గాని "వివె, వివెస్, వివెన్" అనుచోట్ల ఎకారము వచ్చినది. దీనికి హేతువు స్వరము. ప్రథమపురుషయందును ఏకవచనములయందును ఊనిక ధాతువుమీఁదఁ బడును. ఉత్తమమధ్యమ బహువచనములలో నది వికరణముమీఁదికి జరుగును. ఊనిక గల యిచ్చట ఇకారము నిలుచును, ఊనిక తప్పినచో ఎకారముగా సడలును. "వివీస్" అనుచోట వికరణమును ప్రత్యయములోని ఇకారమును గలిసి సవర్ణదీర్ఘమువలె నొక్కటైనవి. ఇట్లొక్క సూత్రము చెప్పుకొన్న పిమ్మట రెండవ మూఁడవ గణములకు నాలుగు రూపములలో భేదమే లేదనియు, ఉత్తమమధ్యమ బహువచనములలో మాత్రమే యవి విడివడుననియుఁ దెలియును. పిల్లలు తప్పులు చేయునదియు నా రెండుచోట్లనే.

సంస్కృతజ్ఞున కింతకంటె రుచికరమైన విషయము వేఱొకటి కలదు. "వివీర్" అను ధాతువు మన జీవధాతువే. లాటినున "వీవో, వీవిస్, వీవిత్, వీవిముస్, వీవితిస్, వీవున్త్" అని దాని రూపములు. జీవామి, జీవసి, జీవతి, జీవామః, జీవథ, జీవన్తి అను వానిని ప్రక్కనుంచి చదివిన నా చుట్టఱికము చెవికే తెలియును. తిప్రత్యయమునందలి ఇకారము లాటినునాఁటికే పోయి "వీవిత్" అయినది. స్పానిషున నా తకారము సయితము పోయి "వివె" మిగిలినది. అన్తిప్రత్యయమున ఇకారమును దకారమును రెండును జాఱి నకారము మాత్రము నిలిచినది. పాణిని ఝికారమునకు అన్తాదేశము చేసి బహువచనమునుఁ దెచ్చెను. ఆ యన్తిలోని యొక్క నకారమే నేఁడు స్పెయినునందును మెక్సికోయందును బహువచనభారమునంతను మోయుచున్నది. సిప్పులోని సకారము "వివెస్" అనుచోటఁ జెక్కుచెదరక యున్నది. అన్నిఁటికంటె నుత్తమపురుషబహువచనము వింతది. తిఙ్ప్రత్యయములలోని మస్సు మనకు విసర్గాంతమై జీవామః అని వినఁబడును. "వివీమొస్" అను మాటలో నా సకారము స్పష్టముగా నుచ్చరింపఁబడుచున్నది. ఉత్తమైకవచనమున మాత్రము సంస్కృతమే క్రొత్తరూపము గలది. జీవామి యందలి "మి" పోఁగా మిగిలిన దీర్ఘాచ్చే లాటినున ఓకారము, స్పానిషున ఒకారము.

అమ్ముట యను ధాతువుకథ కొంచెము వేఱు. లాటినున "వేనుమ్" అనఁగా విక్రయము. అది మన వస్నశబ్దమునకు (వెల యని యర్థము) జ్ఞాతి. దానికి దానార్థకధాతువు చేరి "వెందెరె" పుట్టినది. వెలకిచ్చుట యన్నమాట. జీవధాతువువలె నిది సంస్కృతమునఁ గ్రియగా లేదు గనుక దీనికి రూపముల పోలిక చూపుట కవకాశము లేదు.

మధ్యమపురుషను గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. ఏలయన మర్యాద తెలిసినవారికిఁ బ్రధానమైన మాట యిదియే. పై పట్టికలోని మధ్యమైకవచనము చనవుగలవారియెడఁ జెల్లును. పెద్దవారియెడ "ఉస్తేద్" అను పదమును వాడుదురు. అది "వుయెస్త్ర మెర్సేద్" అను రెండుపదముల యఱుగుదల. "తమ యనుగ్రహము" అని దాని మూలార్థము. అనుగ్రహము వేఱొక వస్తువు గనుక దానికి మధ్యమపురుష చెల్లదు. "ఉస్తేద్ వివె" అని ప్రథమపురుషయే వచ్చును. దీనిని జూచి యాశ్చర్యపడువారు ఆంగ్లము మాత్రమే తెలిసినవారు. భవాన్ జీవతి అని చిన్ననాఁటినుండి పలుకుచు, భవచ్ఛబ్దమునకుఁ బ్రథమపురుషయే యేల యని శిష్యులకు విడమరచి చెప్పిన పండితున కిందు వింత లేదు. తెలుఁగు మాత్ర మీ త్రోవ ద్రొక్కలేదు. ఒకనినే "మీరు" అని బహువచనముతో మన్నించి, క్రియనుగూడ "అమ్ముదురు" అని బహువచనముచేసి యూరకొనును. అమెరికాఖండపు స్పానిషున "కొంప్రాయిస్" మొదలగు మధ్యమబహువచనరూపములు వ్యవహారమునుండి తొలఁగి, వానికి బదులు "ఉస్తేదెస్" అను బహువచనమును దానితోఁ బ్రథమబహువచనమును వాడఁబడుచున్నవి. కావున నచ్చటి పిల్లలు వస్తుతః అయిదు రూపములనే వాడుదురు; ఆఱవదానిని పుస్తకముకొఱకు నేర్తురు. అర్జెంటీనావారు చనవు గల యేకవచనమున "వోస్" అను సర్వనామమును, దానితో "వివీస్, వెందేస్, కొంప్రాస్" అను నూనిక మాఱిన రూపములను బలుకుదురు. వానిని అచ్చటివారు తప్పులని తలంపరు.

ఇఁక నర్థవిచారము. "రైతు మిరప నమ్మును" అను తాత్పర్యమున "ఎల్ అగ్రికుల్తోర్ వెందె చీలె" అన్నచో నేమి తెలియును? ఆతనికి మిరప నమ్ముట వృత్తి యని తెలియును. సందర్భమునుబట్టి యిప్పు డమ్ముచున్నాఁడనియుఁ దెలియవచ్చును. "మన్యాన" అనఁగా రేపు అను పదము చేర్చినచో రేపు అమ్ముననియుఁ దెలియును. సంస్కృతమున లట్టు నడక యిట్టిదే. వర్తమానమునకు సమీపమైన భూతభవిష్యత్తులయందు వర్తమానమునకుం బోలెఁ బ్రత్యయములు రావచ్చునని పాణిని యనుజ్ఞ యిచ్చియున్నాఁడు. ఇప్పుడే జరుగుచున్నదని నొక్కి చెప్పవలసినపుడు స్పానిషు వేఱొక నిర్మాణమును బట్టును: "ఎస్తా వెందియెందొ". "వెందియెందొ" అనఁగా అమ్ముచు. "ఎస్తా" యను క్రియ స్థాధాతువునకు జ్ఞాతి. నిలుచుట మూలార్థము, ఉండుట నేఁటి యర్థము. అమ్ముచు + ఉన్నాఁడు! శత్రర్థకమగు చువర్ణకమునకు ఉండుధాతువు ననుప్రయోగించి "అమ్ముచున్నాఁడు" అని సాధించు చిన్నయసూరి మార్గమునకును దీనికిని సంబంధము లేకున్నను పోలిక సంపూర్ణము. భవిష్యత్తునను నట్లే. "వెందెరే" అనఁగా అమ్మఁగలను. ఇది "వెందెర్" అను తుమర్థకమునకుఁ గలిగియుండుట యను నర్థము గల "ఆబెర్" ధాతువుయొక్క ఉత్తమైకవచనము చేరి యేకపదమైనది. తెలుఁగున తుమర్థకమునకుఁ గలుగుధాతువు చేరి "అమ్మఁగలను" ఏర్పడినది. ఇంత దూరపు భాషలు రెండు, ఒకదాని నొకటి యెఱుఁగక, ఉండుటచేత వర్తమానమును, కలుగుటచేత భవిష్యత్తును గట్టుకొన్నవి.

ఇచ్చట నాగి చూచినచో మన గడులలోని లోపము తెలియును. స్పానిషున నేకపదమగు సహజక్రియ "వెందె". "ఎస్తా వెందియెందొ" రెండుపదముల కూర్పు. తెలుఁగున "అమ్ముచున్నాఁడు" కూర్పుపదము. మఱి "వెందె" కు సరియగు సహజక్రియ తెలుఁగున నేది? "అమ్మును" అనునదే. బాలవ్యాకరణమున (1858) చిన్నయసూరి దీనిని వర్తమానమునఁ గాని భవిష్యత్తునఁ గాని చేర్పక తద్ధర్మార్థక మని వేఱుచేసెను. సూర్యుఁడు తూర్పున నుదయించును, రైతు మిరప నమ్మును, రేపు వాన కురియును: స్వభావమును, వాడుకయును, రాఁబోవునదియు నన్నియు నిందే యిమిడినవి. తద్ధర్మ మను సంజ్ఞను దెచ్చిన సూరి సూక్ష్మదృష్టి ప్రశంసింపఁదగినది. మూఁడుకాలముల చట్రమును వదలక దానిని "భవిష్యత్తు" గడిలోఁ బడవేసిన పిదపటి బడిపుస్తకములే చిక్కుఁ దెచ్చిపెట్టినవి.

ఒంగోలు రైతు నోటి "అమ్ముతాడు" ఈ యమ్మును అను దాని స్థానమును బొందినది. వాడుకను, రాఁబోవుదానిని రెంటిని నట్లే చెప్పుచున్నది. భవిష్యత్తునకుఁ దగులుకొన్న గ్రామ్యరూపము గాదు. "అమ్ముదును, అమ్ముదువు, అమ్ముదురు" అను వానియందలి దకారమును, "అమ్ముతాను, అమ్ముతావు, అమ్ముతారు" అను వానియందలి తకారమును బ్రక్కప్రక్కన నుంచి చూచినవారికిఁ బోలిక స్వయముగాఁ దోఁచును.

నియమము లేదని యాక్షేపించువారు స్పానిషు పట్టికవలెనే దీనికిని బట్టిక వేసి చూడవలెను. వ్యవహారమునందలి తెలుఁగుక్రియలును బ్రధానముగా మూఁడుగణములై నిలుచును. అమ్ము, అడుగు, చదువు మొదలగువానికి "తా" యూరక చేరును: అమ్ముతాడు, అడుగుతాడు, చదువుతాడు. కొను, తిను, విను, అను, కను అనునట్టి లఘుపూర్వక నకారాంతములకు నకారము బిందువై, తకారము టకారమగును: కొంటాడు, తింటాడు, వింటాడు, అంటాడు, కంటాడు. ఉండుధాతువు వీనివెంటఁ బోయి "ఉంటాడు" అగును. చు, యు అంతమందుఁ గలవానికి నా చకారయకారములు సకారమగును: చూస్తాడు, పిలుస్తాడు, చేస్తాడు, కోస్తాడు. ఎన్ను మొదలగు ద్విరుక్తనకారము గలవి మొదటిగణమునఁ జేరును. తన్ను మాత్రము "తంతాడు" అని తనత్రోవను దాను బోవును. అట్టి మొండి క్రియలు స్పానిషునను గలవు; అసధాతువునకు జ్ఞాతియగు నుండుటక్రియ "సొయ్, ఎరెస్, ఎస్" అని యే గణమునకును లొంగదు. స్పానిషున గణభేదము వికరణమునం దున్నది. తెలుఁగున ధాత్వంతహల్లుయొక్క సంధియం దున్నది. ఇంతియే భేదము.

మఱియొక పోలిక. స్పానిషున నన్యభాషలనుండి వచ్చిన క్రొత్తక్రియలు సాధారణముగా అకారగణమునఁ జేరును. తక్కిన రెండు గణములు ప్రాఁత సొత్తును గాచుకొనుచున్నవి. తెలుఁగున సంస్కృతధాతువులన్నియు ఇంచుక్చేరి చకారగణమునఁ బడును: జీవించు, పఠించు, విక్రయించు. కావున "జీవిస్తాడు, పఠిస్తాడు" అని యన్నియు నొకే త్రోవను నడచును. తలుపు తెఱచియున్న గణ మేదో యొకటి ప్రతిభాషయందును నుండును.

పురుషప్రత్యయముల విషయమునఁ దెలుఁగు స్పానిషుకంటె నిండుగా నున్నది. డు, వు, ను, ము, రు అను ప్రత్యయములలో వాఁడు, నీవు, నేను, మేము, వారు అను సర్వనామముల తుది యక్షరము లింకను జదువుకొనవచ్చును. స్పానిషునఁ బ్రత్యయమునకును నేఁటి సర్వనామమునకును నిట్టి పోలిక కానరాదు. ప్రత్యయములే పురుషను జెప్పుచున్నవి గనుక రెండు భాషలయందును సర్వనామమును వదలివేయవచ్చును. "కొంటాను" అన్నఁ జాలును. "కొంప్రొ" అన్నఁ జాలును. ఆంగ్లమున నట్లు చెల్లదు. స్పానిషుక్రియలో లింగము లేదు. "వెందె" యనఁగా వాఁడమ్మును, ఆమె యమ్మును. గ్రాంథికమగు "అమ్మును" సరిగా నిట్టిదే: వాఁ డమ్మును, అది యమ్మును, అవి యమ్మును. ఇందు లింగము లేదు, వచనభేదముగూడ నొక్కచోటఁ గలిసిపోయినది. వ్యవహారమునందో "అమ్ముతాడు, అమ్ముతుంది, అమ్ముతాయి" అని మూఁడును వేఱయినవి. వాడుకభాష యెల్లప్పుడు పూర్వమున్న భేదముల నడఁచివేయునని తలంచువా రీయొక్క యుదాహరణము నాలోచింపవలెను. ఇచ్చట లక్షణగ్రంథభాషయందు లేని భేదమును జనుల నోరు కల్పించినది.

ఈ మాట గిట్టనివారు కలరు. 1911లో మదరాసున స్థాపింపఁబడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు కాలమునఁ గ్రాంథికవ్యావహారికవాదము తీవ్రముగా సాగెను. జయంతి రామయ్యపంతులుగారి పక్షమువారు, వాడుకభాష సీమకొక తీరున నుండుటచే దానికి లక్షణము చెప్పుట యసాధ్యమనిరి. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) ఆ భాషకును లక్షణము కలదనియు, వెదకినవారికిఁ గనఁబడుననియు వాదించిరి. రామయ్యపంతులుగారి శంక తేలికది గాదు. ఒంగోలు ప్రాంతమే దానికి సాక్షి. ఉత్తరమున గుంటూరివైపు "అమ్ముతున్నాడు" అనఁగా, దక్షిణమున నెల్లూరివైపు "అమ్ముతుండాడు" అందురు. ఒంగోలు తాలూకా 1904 వఱకు నెల్లూరుజిల్లాయందుండి, పిమ్మట గుంటూరుజిల్లాఁ జేరి, 1970లోఁ దన పేరిట జిల్లా కలది యయ్యెను. ఆ జిల్లాకు 1972లోఁ బ్రకాశము పేరు వచ్చెను. కచ్చేరి యిటునటు మాఱినను రైతు క్రియ మాఱలేదు. బడిపండితుఁ డీ రెంటిలో దేనిని వ్రాయింపవలెను?

ఉన్నాఁడు, ఉండాడు అను రెంటిలో నేది దోష మని తీర్పు చెప్పఁబూనినచో నీ ప్రశ్నకు సమాధానము దొరకదు. అర్జెంటీనావాని "వివీస్" ను మెక్సికోవాని "వివెస్" ను బ్రక్కప్రక్కన వ్రాసి, రెంటికిని వేఱువేఱుగా సూత్రము చెప్పుటయే యచ్చటి వైయాకరణులు చేసిన పని. ఆ పనినే తెలుఁగునకు మిక్కిలి శ్రద్ధతోఁ జేసినవా రొంగోలుననే జన్మించిరి. 1928లో నిచ్చటఁ బుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగు క్రియాధాతువులనుగూర్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునఁ బరిశోధించి, ఆ గ్రంథమును 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పక్షమునఁ బ్రకటించిరి. తెలుఁగుధాతువులను సోదరద్రావిడభాషల ధాతువులతోఁ బోల్చి వాని మూలరూపములను నిర్ణయించుట యందలి విషయము. మఱుసటియేఁట వెలువడిన మాండలికవృత్తిపదకోశపు మొదటిసంపుటమునకు వారే సంపాదకులు. సేద్యపుమాటలను జిల్లాజిల్లాలలోఁ గర్షకుల నోటనుండియే సేకరించి కూర్చిన కోశ మది. 1985లో గ్విన్ గారితోఁ గలిసి వ్రాసిన నవీనాంధ్రవ్యాకరణమున "అమ్ముతాడు" అను రూపమునకు భవిష్యత్తును నిత్యవ్యవహారమును రెండును గలిసిన కాలమని పేరిడి, "అమ్ముతున్నాడు" అనుదానిని వేఱుగాఁ జూపిరి. పేరు క్రొత్తది గాని విషయము సూరి తద్ధర్మార్థకమునకు మిక్కిలి చేరువది. వారు 2012లోఁ గీర్తిశేషులైరి.

కావున బడిలోఁ జేయఁదగిన పని స్వల్పము. వర్తమానపాఠమున "అమ్ముచున్నాఁడు" అనుదానికి ముందే తద్ధర్మార్థకమును జెప్పవలెను; "అమ్మును" అనుదాని క్రిందనే "అమ్ముతాడు" అని వ్రాయింపవలెను; కొను, చేయు ధాతువులను ప్రక్కగడులలో నుంచి మూఁడుగణములను బిల్లలచేతనే కనుఁగొనఁజేయవలెను. మనుమని స్పానిషు పుస్తక మింటనున్నచో "కొంప్ర, వెందె, వివె" లను నాలుగవవరుసగాఁ జేర్పవచ్చును. మొదట బరువుగాఁ దోఁచిన పట్టిక రెండుదినములలోఁ బిల్లల కాటగా మాఱును.

ఇఁక "అమ్ముతుండాడు" సంగతి. ధాతువు ఉండు. "ఉన్నాఁడు" అను రూపమునఁ దద్ధాతువులోని డకారము కానరాదు. లాక్షణికులు దానిని బ్రక్రియచేఁ దెచ్చి చూపవలసియున్నది. నెల్లూరివైపు రైతు "ఉండాడు" అనునపుడు ఆ డకారము వినఁబడుచునే యున్నది.